స్పీకరు తీగ కొసలు: బనానా, స్పేడు, స్పీకాన్, పి-38... ఏది దేనికి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కొత్త ఇంటి హాల్లో 5.1 హోమ్ థియేటరు (ఐదు స్పీకరు బాక్సులు, ఒక బేస్ బాక్సు) పెట్టిస్తున్నారు. వాటిని నడిపే ఆంప్లిఫయరు పెట్టె, అదే రిసీవరు, వెనక ఎర్రవీ నల్లవీ తిప్పే టెర్మినళ్ళు, పాత సరౌండు బాక్సులకేమో నొక్కే క్లిప్పులు. షాపాయన బనానా ప్లగ్గులు కొనమన్నాడు, ఇంటీరియరు కుర్రాడు స్పేడు లగ్గులే మేలన్నాడు, ఎలక్ట్రీషియను మాత్రం ‘అవేం వద్దు సార్, ఉత్త తీగే బిగించేద్దాం’ అన్నాడు. ఊళ్ళో మీ బావగారికి డీజే బాక్సులున్నాయి, ఆయన తీగలు మీకూ మీ తీగలు ఆయనకూ పనికొస్తాయా అన్నది రెండో ప్రశ్న. గుడి ఆంప్లిఫయరు వెనక 4, 8, 16 అనీ, 100 వోల్టులు అనీ రాసున్న మరలేంటన్నది మూడోది.

నేను మైకు సెట్టు కొట్టున్న ఇంట్లో పుట్టాను. బెజవాడ చుట్టుపక్కల పెళ్ళిళ్ళకీ జాతర్లకీ బాక్సులు మోసి మోసి, ఇప్పుడు నడుము సహకరించక ఇళ్ళల్లో హోమ్ థియేటర్లు బిగిస్తున్నాను. కాబట్టి రెండు వైపుల సంగతీ కాస్త తెలుసు.

ముందు మీ ఇంటి పంచాయితీ తేల్చేద్దాం. ముగ్గురిలో ఎలక్ట్రీషియనుదే కరెక్టు. ఉత్త తీగ సరిగ్గా బిగిస్తే బనానా కన్నా, స్పేడు కన్నా సౌండు వెంట్రుకవాసి కూడా తగ్గదు. మధ్యలో ఇంకో లోహం ముక్క, ఇంకో జాయింటు ఉండవు కదా. మిగతా రెండూ చేతి సౌకర్యానికే. బంగారు పూత ఉన్న బనానాకి ‘బేస్ పెరుగుద్ది’ అని షాపులో చెప్తే నవ్వి ఊరుకోండి. ఆ పూత తుప్పు పట్టకుండా ఉండటానికే. కాకినాడ, విశాఖ లాంటి ఉప్పు గాలి ఊళ్ళల్లో దానికి విలువుంది, సౌండుకి మాత్రం ఏ సంబంధమూ లేదు.

అయితే ‘సరిగ్గా బిగిస్తే’ అన్నాను చూడండి, గొడవంతా అక్కడే ఉంది. నేను రిపేరుకి వెళ్ళిన ఇళ్ళల్లో ‘సార్ ఒక బాక్సు మోగట్లేదు’ అన్న కేసుల్లో ఎక్కువ భాగం టెర్మినల్ దగ్గర తెగిన పోగులే. ఎలా చేయాలో చెప్తాను. పైతొడుగు 10 నుంచి 12 మిల్లీమీటర్లు మాత్రమే తీయాలి, అంటే చిటికెన వేలి గోరంత. పళ్ళతో లాగొద్దు, పోగులు తెగుతాయి. పోగులన్నీ కలిపి కుడివైపుకి గట్టిగా మెలితిప్పండి. టెర్మినల్ మర విప్పితే కింద కడ్డీకి అడ్డంగా ఒక బెజ్జం కనపడుతుంది. మెలితిప్పిన కొసని అందులోంచి దూర్చి మర బిగించండి. అవతలి వైపు రెండు మిల్లీమీటర్లకి మించి బయటికి రాకూడదు, ఇవతల రాగి కనపడకూడదు. తర్వాత తీగ పట్టుకుని ఒకసారి లాగి చూడండి. ఆఖరుగా సెల్‌ఫోను లైటు వేసి పక్కనుంచి చూడండి. ఒక్క పోగు, తలవెంట్రుకంత పోగు, ఎర్రదాన్నుంచి నల్లదానికి వాలి ఉందా అని. ఆ ఒక్క పోగే ఆంప్లిఫయరుని ప్రొటెక్షన్‌లోకి పడేస్తుంది, అంటే అది తనని కాపాడుకోడానికి ఆగిపోతుంది. ప్రొటెక్షన్ లేని పాత ఆంపు అయితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి.

కొసకి టంకం పెట్టి గట్టిపరిస్తే మంచిది కదా అని కొందరు పెడతారు. మర కింద పెట్టే కొసకి టంకం వద్దు. సీసం కలిసిన లోహం మెత్తన, ఒత్తిడికి మెల్లగా జరిగిపోయి ఆర్నెల్లకి లూజవుతుంది. గట్టి కొస కావాలంటే ఎలక్ట్రీషియన్లు ప్యానెల్ బోర్డుల్లో వాడే పిన్ లగ్గు (తీగ కొసకి తొడిగి నొక్కే సన్న మొన ఉన్న లోహపు ముక్క) నొక్కించండి, చవకే.

ఇక పేర్ల సంగతి. మనవాళ్ళు ‘పిన్ను’ అన్న ఒక్క మాటతో అన్నిటినీ సరిపెట్టేస్తారు. పైగా గొట్టం స్పీకరునీ మైకే అంటాం, చేతిలో పట్టుకునేదాన్నీ మైకే అంటాం. వాడుకలో ఇబ్బంది లేదు గానీ, కొట్టుకెళ్ళి కొనేటప్పుడు తేడా వస్తుంది. నా లెక్క ఏమిటంటే, కొస ఆకారం చూసి పేరు పెట్టే ముందు ఆ కొసలో ఏం పారుతోందో చూడాలి. మైకులోంచి వచ్చేది వోల్టులో వెయ్యో వంతుల లెక్క. డీవీడీ, మిక్సరు లాంటివాటి నుంచి వచ్చేది ఒకటి రెండు వోల్టులు. స్పీకరుకెళ్ళేది, 8 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుని అడ్డుకునే నిరోధానికి కొలత) బాక్సుకి 100 వాట్లిస్తే 28 వోల్టులు, మూడున్నర ఆంపియర్లు. డీజే ఆంపు అదే 8 ఓమ్‌లకి 1000 వాట్లిస్తే దాదాపు 90 వోల్టులు, ముట్టుకుంటే ఒళ్ళు ఝల్లుమంటుంది. ఈ మూడూ వేరువేరు ప్రపంచాలు, కానీ ఖర్మ ఏంటంటే వాటి ప్లగ్గులు కొన్ని ఒకేలా ఉంటాయి.

అందులో మొదటి ముద్దాయి పి-38. పెన్సిలంత లావున్న జాక్, లావు 6.35 మిల్లీమీటర్లు, అంటే పావంగుళం. పంతొమ్మిదో శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో ఆపరేటర్లు కాల్సు కలపడానికి వాడిన ప్లగ్గు ఇది. అక్కణ్ణుంచి గిటారుకీ మైకుకీ పాకి, చివరికి స్పీకరు బాక్సులకీ వచ్చింది. పాత బాక్సుల వెనక ఇప్పటికీ ఉంటుంది, మీ బావగారి బాక్సుకి స్పీకాన్ అనే తిప్పి బిగించే సాకెట్టు పక్కన ఉన్న బెజ్జం ఇదే అయ్యుంటుంది. దీంతో రెండు చిక్కులు. ఒకటి, ఆంపు మోగుతుండగా గుచ్చినా పీకినా దాని మొన సాకెట్టు లోపల రెండు కాంటాక్టులనీ ఒక్క క్షణం కలిపేయొచ్చు, అంటే షార్టు. రెండోది ఇంకా చెడ్డది. గిటారు తీగకీ స్పీకరు తీగకీ చూడ్డానికి ఒకటే ప్లగ్గు. లోపల మాత్రం గిటారు తీగలో మధ్య పోగు చాలావాటిలో పావు స్క్వేరు (చదరపు మిల్లీమీటరు) కూడా ఉండదు, చుట్టూ జాలీ.

ఓ కల్యాణ మండపంలో రిసెప్షన్‌కి వెళ్ళాం. స్టేజి మానిటరుకి, అంటే పాడేవాళ్ళ వైపు తిప్పి పెట్టే బాక్సుకి, తీగ చాలక మా కుర్రాడు ఆర్కెస్ట్రావాళ్ళ సంచిలో దొరికిన గిటారు తీగ వేశాడు. మొదటి పాటకి మోగింది. మూడో పాటకి ‘అన్నా, ఏదో ప్లాస్టిక్ కాలిన వాసన’ అన్నాడు కీబోర్డు అబ్బాయి. వెళ్ళి పట్టుకుంటే ప్లగ్గు మెడ దగ్గర తొడుగు మైనంలా మెత్తబడి వేలికి అంటింది. కింద పరిచింది పూల డెకరేషను, పైన థర్మాకోలు. ఇంకో రెండు పాటలయ్యుంటే ఏమయ్యేదో. ఆ రోజు నుంచి మా దగ్గర స్పీకరు తీగలన్నిటికీ రెండు కొసలా పసుపు టేపు చుట్టి ఉంటుంది. టేపు లేని తీగ ఆంపు వెనక కనపడితే ఆ రోజు బత్తా కట్.

కానన్ పిన్ను, అదే మూడు కాళ్ళ ఎక్స్.ఎల్.ఆర్., కూడా ఒకప్పుడు స్పీకర్లకి వాడేవారు. ఇప్పుడు అది మైకులకీ, మిక్సరు నుంచి ఆంపుకెళ్ళే లైనుకీ మాత్రమే. పాత బాక్సుకి వెనక కానన్ కనపడితే దాన్ని తీయించేసి వేరేది పెట్టించండి, మొహమాటపడకండి. మిక్సరు కొస ఏదో ఆంపు అవుట్‌పుట్ ఏదో కంగారులో కలిపేస్తే మిక్సరు పోతుంది. ఆర్.సి.ఏ. పిన్ను, అంటే టీవీకి ఎరుపు తెలుపు పసుపు రంగుల్లో వచ్చే ఏవీ పిన్ను, చవక 5.1 సెట్లలో స్పీకరుకి కూడా వాడతారు. దాన్ని చూసి మీ పెద్ద రిసీవరు ఆర్.సి.ఏ. బెజ్జంలో ఆ స్పీకరు గుచ్చకండి. మోగదు సరికదా, ఆ అవుట్‌పుట్‌కి స్పీకరుని మోసే శక్తే లేదు.

ఇప్పుడు బనానా. 4 మిల్లీమీటర్ల పిన్ను, చుట్టూ మధ్యలో ఉబ్బిన ఆకు స్ప్రింగులు. ఆ ఉబ్బు అరటికాయలా ఉంటుందని ఆ పేరు. తిప్పే టెర్మినల్ నెత్తిన మూత తీస్తే కనపడే బెజ్జంలోకి నేరుగా దిగుతుంది. రిసీవరు వెనక చెయ్యి పట్టని చోట, తరచూ తీసి పెట్టే చోట దీనంత సుఖం లేదు. మీ రిసీవరు అలమరాలో గోడకి ఆనించి పెడుతున్నట్టయితే షాపాయన మాట కూడా కొట్టిపారేయలేం, ఆ వైపు బనానా వేయండి. వేసేటప్పుడు తీగని మరతో పట్టే రకం తీసుకోండి. తీగ దూర్చి పైనుంచి నొక్కుడుగా మూసేసే చవక రకం రెండు వేసవులకి వదిలేస్తుంది.

ఈ బనానాతో ఒక ప్రమాదం గురించి చిన్నపిల్లలున్న ఇళ్ళకి ఖచ్చితంగా చెప్తాను. యూరప్‌లో అమ్మే ఆంపుల టెర్మినళ్ళకి ఆ బెజ్జాల్లో ఎర్ర, నల్ల ప్లాస్టిక్ బిరడాలు కొట్టి పంపుతారు. ఎందుకంటే వాళ్ళ గోడ కరెంటు ప్లగ్గు కాళ్ళు కూడా దాదాపు 4 మిల్లీమీటర్లే, రెండిటి మధ్య దూరం 19 మిల్లీమీటర్లే. జంట బనానా దూరమూ అదే! మన 5 ఆంపియర్ల సాకెట్టు కూడా కింది రెండు బెజ్జాల మధ్య దూరం ఇంచుమించు అంతే, బెజ్జం ఇంకా పెద్దది. షట్టరు లేని సాకెట్టయితే బనానా సాఫీగా దిగిపోతుంది. స్పీకరు వైపు తీగ కట్టేసి, రెండో వైపు బనానాలు గాల్లో వేలాడుతూ వదిలేసి వెళ్ళిపోకండి.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. మా నాన్న రోజుల్లో బాక్సు తీగకి ఏకంగా కరెంటు టూ పిన్ ప్లగ్గే వేసేవారు. చవక, ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది, పోతే ఊళ్ళోనే మార్చుకోవచ్చు. మా పెదనాన్న కొడుకు శ్రీరామనవమి పందిట్లో చీకట్లో ఆ ప్లగ్గు తీసుకెళ్ళి ట్యూబులైటు సాకెట్టులో పెట్టాడు. స్పీకరు ఒక్కసారి ‘బుర్రు’మంది, ఊళ్ళో అంత పెద్ద సౌండు మళ్ళీ వినలేదు. తర్వాత కోను మధ్యలోంచి పొగ. కాయిలు కాలి నల్లగా బయటికొచ్చింది. నాన్న వాణ్ణి ఏమీ అనలేదు గానీ మర్నాడు ఉన్న ప్లగ్గులన్నీ కోసి ఒక డబ్బాలో పడేశాడు.

స్పేడు అంటే చీలిన లగ్గు, ‘యు’ ఆకారం. కొందరు థింబుల్ అని కూడా అంటారు. మర కింద రెండు కాళ్ళ మధ్య కడ్డీ పడేలా జొనిపి బిగిస్తారు. పట్టు చాలా గట్టిది, బరువైన లావు తీగకి బాగుంటుంది. ఒకసారి పెట్టి పదేళ్ళు ముట్టుకోని చోట పెట్టుకోవచ్చు. కానీ రెండు టెర్మినళ్ళు దగ్గరదగ్గరగా ఉన్న రిసీవర్లలో ఒక స్పేడు జరిగి పక్కదానికి తగిలే ప్రమాదం ఉంది. తొడుగున్న లగ్గే తీసుకోండి. మీ 5.1కి అయితే అక్కర్లేదు.

పాత సరౌండు బాక్సుల నొక్కే క్లిప్పుకి బనానా, స్పేడు రెండూ పట్టవు. నొక్కి, తీగ దూర్చి, వదిలేయడమే. దాంట్లోకి ఒకటిన్నర స్క్వేరు దాకా పోతుంది, రెండున్నర తీగ దూర్చబోతే సగం పోగులు బయటే ఉండిపోతాయి. అక్కడ పిన్ లగ్గు వాడండి. కొసలు ఏడాదికో రెండేళ్ళకో నల్లబడతాయి, పారదర్శకంగా ఉండే తొడుగు తీగలైతే లోపల రాగి ఆకుపచ్చగా మారడం పైకే కనపడుతుంది. అప్పుడు అంగుళం కోసి మళ్ళీ తొడుగు తీసి పెట్టండి. అందుకే తీగ ఎప్పుడూ రెండు వైపులా కనీసం జానెడు ఎక్కువ వదలాలి.

ఇక బావగారి స్పీకాన్. లిక్టెన్‌స్టైన్ దేశపు న్యూట్రిక్ కంపెనీ 1987లో చేసిన ప్లగ్గు. చెప్పాను కదా, 90 వోల్టులు పారే చోట పైకి కనపడే లోహం ఉండకూడదు. ఇందులో కాంటాక్టులన్నీ లోపలికి, వేలికి అందవు. గుచ్చి కుడివైపుకి పావు వంతు తిప్పితే ‘టక్’మని లాకవుతుంది. తీయాలంటే తాళం వెనక్కి లాగి ఎడమకి తిప్పాలి. జనం కాళ్ళల్లో పడ్డా ఊడి రాదు. స్టేజి మీద నిద్రపట్టేలా చేసిన వస్తువు ఏదైనా ఉందంటే నా లెక్కలో ఇదే. ఎన్.ఎల్.2, ఎన్.ఎల్.4, ఎన్.ఎల్.8 అని రకాలు, అంకె ఎన్ని కాంటాక్టులున్నాయో చెప్తుంది. రెండు కాళ్ళ ప్లగ్గు నాలుగు కాళ్ళ సాకెట్టులో పడుతుంది, నాలుగు కాళ్ళ ప్లగ్గు రెండు కాళ్ళ సాకెట్టులో పడదు. అచ్చం దీని తమ్ముడిలా ఉండే పవర్‌కాన్ అని ఇంకోటి ఉంది, అది కరెంటుకి. అసలైన సరుకులో ఒకదాంట్లో ఒకటి దిగదు, బలవంతం చేయకండి.

ఎన్.ఎల్.4లో నాలుగు గుర్తులుంటాయి: 1 ప్లస్, 1 మైనస్, 2 ప్లస్, 2 మైనస్. మామూలు బాక్సుకి 1 జత (1 ప్లస్, 1 మైనస్) ఒక్కటే వాడతారు. అసలు తకరారు రెండు జతలూ వాడే బాక్సులతో. కొన్ని కంపెనీలు 1 జత మీద బేస్ స్పీకరునీ 2 జత మీద పైన సన్నని సౌండు ఇచ్చే హారన్ యూనిట్‌నీ పెడతాయి. టాపులూ (పై బాక్సులు) సబ్‌లూ (బేస్ బాక్సులు) ఒకే ఫోర్ కోర్ తీగ మీద నడిపే సెట్లలో 1 జత టాపులకి, 2 జత సబ్‌కి ఉండేవీ ఉన్నాయి. ఒక సెట్టుకి కట్టిన తీగ తీసుకెళ్ళి ఇంకో సెట్టుకి పెడితే ప్లగ్గు చక్కగా దిగుతుంది, లాకూ పడుతుంది. బేస్ అంతా వెళ్ళి హారన్ యూనిట్ మీద పడుతుంది. దాని లోపల పొర కాగితంకన్నా పలచన, రెండు డోలు దెబ్బలకే అయిపోతుంది. ప్లగ్గు దిగింది కాబట్టి కనెక్షన్ కరెక్టేనని అనుకునేవాళ్ళకి పడే జరిమానా ఇది. బాక్సు వెనక రేకు మీద ఏ జత దేనికో అచ్చువేసి ఉంటుంది, చదివి కట్టండి.

ఆంపుని బ్రిడ్జిలో పెట్టినప్పుడు కూడా గమనించాలి. రెండు ఛానళ్ళనీ కలిపి ఒక్కటి చేస్తారు, అప్పుడు బాక్సుని రెండు ప్లస్సుల మధ్య కడతారు. చాలా ఆంపుల్లో స్పీకాన్ మీద అది 1 ప్లస్, 2 ప్లస్. ఒక్కో ఛానల్‌కి 4 ఓమ్‌లు తట్టుకునే ఆంపు బ్రిడ్జిలో 8 ఓమ్‌లకి తక్కువ తట్టుకోదు. ఇంట్లోవాళ్ళకి దీనికి దగ్గరి మాట ఒకటి. చిన్న క్లాస్-డి రకం ఆంపు బోర్డులు, కారు స్టీరియోలు చాలావరకు లోపలే బ్రిడ్జి. వాటిలో మైనస్ అంటే ఎర్త్ కాదు. రెండు స్పీకర్ల మైనస్‌లనీ ఒకే తీగకి కలిపి ఒక తీగ మిగిల్చానని సంబరపడితే బోర్డు పోతుంది.

బైవైరింగ్ గురించి మీరడగలేదు గానీ మీ ముందు బాక్సులకి నాలుగు టెర్మినళ్ళుంటే షాపాయన తప్పకుండా చెప్తాడు. పైజతకీ కిందజతకీ రేకు పట్టీ వేసి ఉంటుంది. ఆ పట్టీ తీసి రెండు జతలకీ ఆంపు నుంచి వేరువేరు తీగలు లాగడం బైవైరింగ్. నేను మా ఇంట్లో చేసి, మా ఆవిడ చేత మార్పించి, కళ్ళు మూసుకుని విన్నాను. నా చెవికి ఏం తేడా తెలియలేదు, తీగ ఖర్చు మాత్రం రెండింతలు తెలిసింది. ఆ పట్టీ పోయి బాక్సు సగమే మోగుతుంటే మాత్రం అంగుళం తీగ ముక్క వేస్తే చాలు.

కొస పేర్ల మీద ఇంత మాట్లాడాను గానీ, మీ డబ్బు పెట్టాల్సింది తీగ మందం మీద. పాతకాలపు కొట్లల్లో 23/76, 40/76, 70/76 అంటారు. మొదటి అంకె పోగుల సంఖ్య, రెండోది పోగు లావు, అంగుళంలో పదివేల వంతుల్లో. 23/76 అంటే ముప్పావు స్క్వేరుకి లోపు, 40/76 ఒకటికి పైన, 70/76 రెండు స్క్వేర్లు. ఇప్పుడు అందరూ స్క్వేర్లలోనే అడుగుతున్నారు. బాక్సు 10 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ 20 మీటర్ల తీగ. అర స్క్వేరు తీగకి దాని నిరోధం సుమారు 0.78 ఓమ్, ఒక స్క్వేరుకి 0.39, ఒకటిన్నరకి 0.27, రెండున్నరకి 0.16. బాక్సు ఓమ్‌లలో నూటికి 5 దాటకూడదన్నది నేను పాటించే లెక్క. 8 ఓమ్‌ల బాక్సుకి 0.4, 4 ఓమ్‌లకి 0.2. అంటే మీ సరౌండులకి ఒకటిన్నర చాలు, 4 ఓమ్‌ల బాక్సయితే రెండున్నర. అర స్క్వేరు తీగ మీద 4 ఓమ్‌ల బాక్సు కడితే దాదాపు 30 శాతం పవరు బాక్సుకి చేరదు. బంగారు బనానా ఆ తీగని కాపాడలేదు.

కోఠీ గుజరాతీ గల్లీలో గానీ, మీ ఊరి కొట్లో గానీ తీగ కొనేటప్పుడు ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనపడితే అది రాగి పూత వేసిన అల్యూమినియం. అమ్మడం నేరమేం కాదు, కానీ అదే మందం రాగితో చూస్తే నిరోధం ఒకటిన్నర రెట్లు పైనే, వంచితే త్వరగా తెగుతుంది. రాగి ధర పెట్టి కొనకండి, అంతే.

గుడి ఆంప్లిఫయరు కథ పూర్తిగా వేరు. దాని వెనక మరల వరసలో కామన్, 4, 8, 16, ఆ తర్వాత 100 వోల్టులు అని ఉంటాయి. కామన్ నుంచి ఒక తీగ, మిగతావాటిలో ఏదో ఒక్కదాన్నుంచి రెండో తీగ. 4, 8, 16 అంటే దగ్గర్లో ఉన్న స్పీకర్ల మొత్తం ఓమ్‌లు. 100 వోల్టుల మర దూరం లాగే లైనుకి. కరెంటు వాళ్ళు ఊరూరికీ హైటెన్షన్ లైను ఎందుకు లాగుతారో ఇదీ అందుకే. 100 వాట్లు 8 ఓమ్‌ల మీద మూడున్నర ఆంపియర్లు, 100 వోల్టుల లైనులో ఒక్క ఆంపియరే. ఒక స్క్వేరు తీగ 100 మీటర్లు లాగి 8 ఓమ్‌ల గొట్టం కడితే గొట్టానికి చేరేది సగం కూడా ఉండదు. అదే తీగ మీద 100 వోల్టుల లైనైతే నాలుగు వోల్టుల నష్టం, చెవికి తెలియదు. అయితే ప్రతి గొట్టం దగ్గరా ఆ వోల్టులని తగ్గించే లైను ట్రాన్స్‌ఫార్మరు ఉండాలి. ఇక్కడ ఓమ్‌ల లెక్క వదిలేసి వాట్లు కూడండి. ఆరు గొట్టాలు, ఒక్కోటి 15 వాట్ల మీద పెడితే 90, 100 వాట్ల ఆంపుకి సరిపోయింది. ట్రాన్స్‌ఫార్మరు లేని మామూలు బాక్సుని 100 వోల్టుల మరకి కలిపితే ఇందాక చెప్పిన శ్రీరామనవమి కథే.

మామూలు బాక్సులకి మాత్రం ఓమ్‌లే. 8 ఓమ్‌ల బాక్సులు రెండు పక్కపక్కన కలిపితే 4, నాలుగు కలిపితే 2. డీజే బాక్సుల వెనక రెండు స్పీకాన్‌లుంటే రెండోది ఆంపు నుంచి కాదు, ఇంకో బాక్సుకి పంపడానికి. అలా గొలుసుగా కట్టుకుంటూ పోతే ఓమ్‌లు తగ్గుతూ పోతాయి. మీ ఇంటి రిసీవరు వెనక కనీసం ఎన్ని ఓమ్‌లో రాసుంటుంది, చూడకుండా ఒక జతకి రెండు బాక్సులు కట్టకండి.

చివరిగా ప్లస్సు మైనస్సు. తారుమారైతే ఏదీ కాలదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఎడమ బాక్సు కోను ముందుకొస్తుంటే కుడిది వెనక్కి పోతుంది, మధ్యలో కూర్చున్నవాడికి బేస్ ఏదో మింగేసినట్టుంటుంది, గొంతు ఎక్కణ్ణుంచి వస్తుందో తెలియదు. దీనికి మీటరు కూడా అక్కర్లేదు. ఆంపు వైపు తీగ కొసలు విప్పి, ఒకటిన్నర వోల్టు పెన్సిల్ సెల్లు తీసుకుని, ప్లస్ కొసని సెల్లు బొడిపెకీ మైనస్ కొసని అడుగుకీ క్షణం తాకించండి. ‘టప్’మంటుంది. ఆ క్షణం కోను ముందుకు ఉబికితే కరెక్టు, లోపలికి పోతే తిప్పి కట్టండి. ఒకరు సెల్లు పట్టుకోవాలి, ఒకరు టార్చి వేసి కోను చూడాలి. ఒక్క బేస్ స్పీకరుకే చేయండి, చిన్న ట్వీటరు నేరుగా కలిపి ఉంటే దాని మీద సెల్లు ప్రయోగం వద్దు.

మీ పనికొచ్చేలా చెప్పాలంటే: పుట్టీ పెట్టకముందే ఒకటిన్నర స్క్వేరు రాగి తీగ, కరెంటు పైపులో కాకుండా వేరే పైపులో లాగించండి, రెండు వైపులా మీటరు వదలండి, ప్రతి కొసకీ కాగితం చీటీ అంటించండి. రిసీవరు వైపు బనానా, సరౌండుల వైపు పిన్ లగ్గు, ముందు బాక్సులకి ఉత్త తీగ. బావగారి స్పీకాన్ తీగలు మీ ఇంట్లో కావాలంటే ఒక వైపు స్పీకాన్, ఇంకో వైపు ఉత్త తీగ ఉన్న పొట్టి ముక్క ఒకటి చేయించుకోండి, 1 ప్లస్, 1 మైనస్ మాత్రమే వాడి. ఆయన బాక్సులకి మీ తీగ అడిగితే మాత్రం ఆగండి. ఆ బాక్సు వెనక రేకు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, రెండు జతలూ వాడిందో ఒక జతో చూసి చెప్తాను. పండగ సీజను కదా, ఆయన ఆదివారం లోపు తీయగలిగితే మేలు.